రచయిత్రి ఉద్దేశం

జూలై 1, మంగళవారం

మంత్రిగారు ఇవాళ మా వార్డు మురుగుకాలువను ముచ్చటగా మూడోసారి ప్రారంభించారు. కాలువ పాతదే, మురుగు పాతదే, రిబ్బను మాత్రం కొత్తది. అక్కణ్ణుంచి పక్కనే ఉన్న హైస్కూలుకు వెళ్లి, పిల్లలే రేపటి వెలుగులని చెప్పారట. ఆ వెలుగులు అప్పటికి గంటన్నర నుంచి వానలో నిలబడి తడుస్తున్నాయి. గేటు దగ్గర పోలీసులు పిల్లల నల్ల గొడుగులన్నీ లాక్కుని ఓ గదిలో పడేసి తాళం వేశారు. నల్ల గొడుగు దూరం నుంచి నల్లజెండాలా కనిపించే ప్రమాదం ఉందట. మంత్రిగారి నెత్తిన పట్టింది మాత్రం గులాబీపువ్వుల గొడుగు. ఏ ఆడకూతురి చేతిలోంచి లాక్కున్నారో!

ఇదంతా మా ఆడపడుచు టీవీలోంచి నా గదిలోకి వినబడింది. ఆవిడ టీవీ పెడితే పక్కింటివాళ్లు తమది కట్టేసుకుంటారు, వాళ్లకి కరెంటు ఆదా. రికార్డుల ఆఫీసులో ముప్ఫై ఏళ్లు నోరెత్తకుండా ఫైళ్లు రాసి రిటైరైన మనిషి. ఆ లోటంతా ఇప్పుడు టీవీ చేత పూడ్పిస్తోంది.

"వదినా! ఇది నీ 'గొడుగు' కథే! అచ్చం అదే!" అని అరిచింది.

అవును, అచ్చం అదే. ముప్ఫై ఎనిమిదేళ్ల కింద రాశాను. పెద్దమనిషి ఊళ్లోకి వస్తున్నాడని రోడ్డు పక్కన నిలబెట్టిన ఓ గుమాస్తా, చేతిలో నల్ల గొడుగు, మూయమని గద్దించే అధికారి, పైన వాన. నా కథల్లో నలుగురికీ గుర్తున్నది ఇదొక్కటే. రాసిన కథ నిజమైతే రచయితకు అంతకంటే భాగ్యం ఏముంటుంది? పిల్లలకు జలుబు చేస్తుంది, అది వేరే సంగతి.

ఆదివారం కాలమ్‌కి ఇదే రాద్దామనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, ఇలాంటివి రెండు రోజుల్లో పాతబడిపోతాయి. కాలమ్ అన్నాక కాస్త నిలకడ ఉండాలి. ఫోన్ల ముందు తలలు వంచిన యువత మీద రాసి పంపాను. నిర్భయంగా రాశాను. యువత నన్నేం చేస్తుంది?

జూలై 4, శుక్రవారం

విద్యాశాఖ నుంచి ఉత్తరం, ప్యూను తెచ్చి చేతికే ఇచ్చి వెళ్లాడు.

ఆ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి భాష చెప్పే టీచరమ్మ, మంత్రిగారు వచ్చివెళ్లిన మర్నాడే క్లాసులో నా కథ చదివి వినిపించిందట. ఊరుకోక, చివరి పేరా దగ్గర ఆపేసి, "ముగింపు మీరు రాసుకురండి" అని పిల్లలకు హోంవర్కు ఇచ్చిందట. పిల్లలు రాశారు. ఆ నోట్సు ఎవరింట్లోనో ఓ పార్టీ పెద్దాయన కంట పడింది. ఇంకేముంది, టీచరమ్మ మీద విచారణ. నన్ను మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వమన్నారు.

ఒకటి, 'గొడుగు' అను కథను రచించినది మీరేనా? రెండు, అందులోని ప్రముఖుడు ఏ ప్రముఖుడు? మూడు, రచయిత్రి ఉద్దేశమేమి?

మూడోదానికి ఐదు మార్కులనుకుంటాను. రెండోదానికి ఖాళీ కూడా వదిలారు. ఆ కథ అచ్చయ్యేనాటికి ఈ మంత్రిగారు మూడో తరగతి చదువుతున్నారు. అప్పటికే ఆయన మీద కుట్ర పన్నానన్నమాట! ముందుచూపున్న రచయిత్రి అని విమర్శకులు ఊరికే అనలేదు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం. ఈ ముక్క జవాబులో రాయాలి. ఘాటుగా రాయాలి.

జూలై 5

మోకాలు నొప్పి. కూర్చుని రాయడానికి లేదు.

జూలై 6, ఆదివారం

కాలమ్ వచ్చింది. కత్తెర ఫోన్ చేశాడు. ఆదివారం పేజీ చూసే సబ్ ఎడిటర్‌కి ఈ పేరు నేను మనసులో పెట్టి పదేళ్లయింది. నా వాక్యాలు కత్తిరించడం తప్ప ఇంకో చెడ్డ అలవాటు లేని మనిషి.

"మేడమ్, యువతని ఉతికేశారు! మా అమ్మ చదివి మా చెల్లి మంచం మీద పెట్టింది."

"సంతోషం. విద్యాశాఖ వాళ్లు నాకో ఉత్తరం..."

"తెలుసు మేడమ్."

ఉత్తరం నా చేతికొచ్చి రెండు రోజులు. ఇతనికి ఎలా తెలిసిందో నేను అడగలేదు. అతనూ చెప్పలేదు. ఇద్దరం మర్యాదస్తులం.

"మీకు చెప్పేంతవాణ్ణి కాదు మేడమ్. కానీ ఈసారి జీవన సాఫల్య పురస్కారానికి మీ పేరుంది. పైనే ఉంది. మా ఎడిటర్ గారే అన్నారు. ఇలాంటప్పుడు కాస్త సాహిత్యపరంగా జవాబిస్తే సరిపోతుంది కదా."

"సాహిత్యపరంగా అంటే?"

"అంటే... అర్థం కాకుండా, మేడమ్."

పురస్కారాలు నాకు అక్కర్లేదని ఎన్ని ఇంటర్వ్యూల్లో చెప్పాను! "ఇవ్వనప్పుడు వద్దనడం తేలికే కదా వదినా" అంటుంది మా ఆడపడుచు. ఆవిడకు సాహిత్యం తెలియదు.

జూలై 8

జవాబు రాశాను. ఒకటిన్నర పేజీ. ఈ మధ్యకాలంలో ఇంత మంచి వచనం రాయలేదు. సార్వకాలికత, సృజన, పాఠకుడి స్వేచ్ఛ అన్నీ పడ్డాయి. గుమ్మడికాయ మాత్రం పడలేదు, చోటు చాలలేదు. పాము చావలేదు, కర్ర విరగలేదు. పైగా పాము కర్రకు దణ్ణం పెట్టి వెళ్లిపోతుంది.

"ఏం రాశావు వదినా? చూపించు."

"ఆఫీసు భాష. నీకేం అర్థమవుతుంది?"

"ముప్ఫై ఏళ్లు నేను చదివింది అదేగా."

కవరు అప్పటికే అంటించేశాను.

జూలై 9

పోస్టు చేశాను. నిద్ర బాగా పట్టింది.

జూలై 10

నిద్ర బాగా పట్టిందని నిన్న పనిగట్టుకుని ఎందుకు రాశానో. రోజూ పట్టేదేగా.

జూలై 12

టీవీలో చర్చ. తెర మీద ఎనిమిది గళ్లు, గడికో మనిషి, అందరూ ఒకేసారి అరుస్తున్నారు. అంశం: దేశంలో వినేవాళ్లు కరువయ్యారా? మా ఆడపడుచు మాత్రం శ్రద్ధగా వింటోంది. మధ్యలో అడిగింది, "ఆ టీచరమ్మ సంగతి ఏమైందో వదినా?"

"మన చేతుల్లో ఏముంది?" అన్నాను.

"నీ చేతుల్లో ఉంటేనే కదా నీకు ఉత్తరం రాశారు" అని మళ్లీ టీవీ వైపు తిరిగింది.

జూలై 13, ఆదివారం

ఈ వారం కాలమ్ కూరగాయల ధరలు. ప్రభుత్వాన్ని నిలదీశాను. ఏ ప్రభుత్వాన్నో రాయలేదు. అన్నిటికీ పనికొస్తుంది.

జూలై 15, మంగళవారం

సాయంత్రం నాలుగింటికి ఎవరో తలుపు తట్టారు. మా ఆడపడుచు తీసి, "టీచరమ్మట, నీకోసం" అంది.

నలభై దాటిన మనిషి. భుజానికి బరువైన సంచీ. తడిసిన చెప్పులతో గది పాడవుతుందని గుమ్మంలోనే ఆగిపోయింది. అభిమాని అనుకున్నాను. నా అభిమానులు ఎక్కువగా ఈ వయసువాళ్లే. సంచీలో పుస్తకం తెస్తారు, సంతకం పెట్టమంటారు. పెన్ను కోసం చూస్తున్నాను.

"హైస్కూల్లో మీ 'గొడుగు' కథ చదివింది నేనేనండీ."

"ఓ! రండి, కూర్చోండి. మీ గురించి చాలా బాధపడ్డాను."

ఎప్పుడు బాధపడ్డానో గుర్తు చేసుకోబోయాను. డైరీలో కూడా లేదు.

ఆమె కూర్చోలేదు. సంచీలోంచి ఓ కాగితం తీసింది.

"నన్ను నిన్న సస్పెండ్ చేశారండీ. ఆర్డరులో మీ వాక్యం ఒకటుంది. చదవనా?"

చదివింది. క్లాసులో చదివినట్టే, కామా కామాకీ ఆగుతూ.

"'రచన ఒకసారి వెలువడిన పిదప, పాఠకులు తమకు తోచిన అర్థాలను దానికి ఆపాదించినచో, ఆ అర్థాలకు రచయిత్రి బాధ్యురాలు కాజాలదు.' ఇది మీదండీ. దీని కింద వాళ్లు రాసింది ఇది: 'కావున సదరు ఉపాధ్యాయిని, రచయిత్రికి లేని దురుద్దేశమును కథకు అంటగట్టి విద్యార్థుల మనసులను కలుషితము చేసినట్లు రచయిత్రి లేఖ వలననే రుజువగుచున్నది.'"

వంటింటి గుమ్మంలో మా ఆడపడుచు నిలబడి వింటోంది.

"నేనలా అనలేదమ్మా. నా ఉద్దేశం..."

"అదే అడుగుదామని వచ్చానండీ. ఇరవై ఏళ్లుగా భాష చెప్తున్నాను. ఈ వాక్యం నాలుగుసార్లు చదివాను. మీరు నన్ను వెనకేసుకొచ్చారో, వదిలేశారో తెలియలేదు. తెలియకుండా ఉండాలనే రాశారా?"

తిట్టి ఉంటే బాగుండేది. తిడితే తిరిగి తిట్టొచ్చు. ఆమె నిజంగానే తెలుసుకుందామని అడుగుతోంది.

మాట మార్చాను. "అయినా ముగింపు చదవకుండా ఆపడం ఏమిటమ్మా? కథంతా దాంట్లోనే కదా ఉంది."

"నాకు ఆ ముగింపు నచ్చదండీ." ఏ మొహమాటమూ లేకుండా అంది. "గొడుగు మూసేసి వానలో నిలబడి ఏడుస్తాడు, కన్నీళ్లు వానలో కలిసిపోతాయి. అంతకుముందు మూడు పేజీల్లో ఉన్న మనిషి కాదండీ ఆయన. ఆఖర్న వేరే ఎవర్నో తెచ్చి నిలబెట్టినట్టుంటుంది. అందుకే పిల్లల్ని రాయమన్నాను."

ఆ ముగింపు మీద ఇద్దరు డాక్టరేట్లు తెచ్చుకున్నారు. ఒకాయన దానికి 'ఆర్ద్ర మౌనం' అని పేరు కూడా పెట్టాడు.

"పిల్లలేం రాశారు?"

"ఒకడు గుమాస్తా చేత పెద్దమనిషిని చావగొట్టించాడు. వాడు సినిమాలు ఎక్కువ చూస్తాడులెండి. చాలామంది మీలాగే ఏడిపించారు. ఒక్క పిల్ల మాత్రం రెండు ముక్కలు రాసింది. 'గుమాస్తా గొడుగు తెరిచాడు. ఏమీ కాలేదు.' అంతే. పైవాళ్లకి మండింది కొట్టినవాణ్ణి చూసి కాదండీ, ఈ పిల్లని చూసి."

ఇరవై నాలుగున విచారణ అని చెప్పి వెళ్లిపోయింది. కాఫీ వద్దంది. సంతకం అడగలేదు.

ఆమె వెళ్లాక మా ఆడపడుచు టీవీ పెట్టలేదు. నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఆ పిల్ల రాసిందే కదా వదినా, నువ్వు మొదట రాసింది?"

"నీకేం గుర్తు?"

"సాపు కాపీ రాసింది నేనే కదా. 'గుమాస్తా గొడుగు తెరిచాడు' అని రాసి, చుక్క పెట్టి, నీ చేతికిచ్చాను. రెండ్రోజులాగి చివరి పేజీ మళ్లీ రాయమన్నావు."

జూలై 16

రాసిపెట్టుకోవాలి, లేకపోతే ఎవరెవరో ఏదేదో అంటారు. ముగింపు మార్చిన మాట నిజం. ఎందుకు మార్చాను? ఆయన ఉద్యోగం కోసం. ఆయన ప్రభుత్వోద్యోగి. ప్రమోషన్ దగ్గరికొచ్చిన సమయం. భార్య కథలో గుమాస్తా ఎదురు తిరిగితే భర్తను ఊరుకుంటారా? ఒక ఇల్లాలిగా నా కథను త్యాగం చేశాను. ఎవరికీ చెప్పుకోలేదు కూడా. ఆయనకు, ఇద్దరు స్నేహితురాళ్లకు, ఒక పరిశోధక విద్యార్థికి తప్ప.

జూలై 17, గురువారం

ఇదే మాట మా ఆడపడుచుతో అన్నాను. కూరగాయలు తరుగుతోంది. చెయ్యి ఆపలేదు.

"అన్నయ్య ఉంచమన్నాడు కదా వదినా."

"ఏమిటీ?"

"ఆ చివర. 'అది తీసేస్తే ఇంక కథెందుకు? అలాగే ఉంచు, నా ఉద్యోగం సంగతి నేను చూసుకుంటా' అన్నాడు. భోజనాల దగ్గర. నేనూ అక్కడే ఉన్నాగా. నువ్వే, 'మీకు తెలీదు, ఊరుకోండి' అన్నావు."

"ఆయన పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు మాటలు పుట్టిస్తున్నావా?"

"నేనెందుకు పుట్టిస్తాను? కథలు రాసేది నువ్వు."

రెండు పూటలా మాట్లాడుకోలేదు. సాయంత్రం టీవీ బాగా చిన్నగా పెట్టుకుంది. అది ఇంకా భరించలేకపోయాను.

జూలై 18

పాపం, దానికీ అరవై ఆరేళ్లొచ్చాయి. జ్ఞాపకశక్తి తగ్గుతుంది.

జూలై 19

తగ్గలేదు.

జూలై 20, ఆదివారం

కత్తెర ఫోన్.

"పురస్కారం ఖాయమే మేడమ్, ప్రకటించడమే తరువాయి. వచ్చే ఆదివారానికి బళ్లలో క్రమశిక్షణ మీద రాస్తారా? ఎవరి పేరూ వద్దు. టీచర్లు పాఠాలు చెప్పాలి గానీ రాజకీయాలు కాదు... అలా. మీ స్టయిల్లో, నవ్విస్తూ."

"నవ్విస్తూ ఎందుకు?"

"మీరు నవ్విస్తే ఎవరికీ తగలదు కదా మేడమ్."

పొగడ్తేనండోయ్ అది! పదిహేడేళ్ల నా కాలమ్‌ను ఇంత కచ్చితంగా సమీక్షించినవాడు ఇంకొకడు లేడు.

చూద్దాం అన్నాను. కాగితం ముందేసుకుని కూర్చున్నాను. రాద్దామని కాదు, వస్తుందో లేదో చూద్దామని. వచ్చింది. చకచకా వచ్చింది. 'చాక్‌పీసు పట్టాల్సిన చెయ్యి చక్రం తిప్పాలని చూస్తే' అని మొదటి వాక్యం. చదువుకుని నేనే నవ్వాను కూడా. అరపేజీ అయ్యేసరికి ఆ టీచరమ్మ నిజంగానే తప్పు చేసిందేమో అనిపించింది. అంత బాగా రాశాను.

వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగాను. వచ్చి చింపేశాను. తర్వాత బుట్టలోంచి ముక్కలు ఏరి, ఎవరూ అతికించి చదవలేనంత చిన్నగా మళ్లీ చింపాను. ఇంట్లో ఉన్నది ఇద్దరమే.

జూలై 22

అన్నారు. ఆయన ఆ మాట అన్నారు. చెయ్యి కడుక్కుంటూ అన్నారు, తువ్వాలు నేనే అందించాను.

నేను భయపడింది ఆయన ఉద్యోగానికి కాదు. జైలుకూ కాదు. అంత పెద్ద భయమైతే చెప్పుకోవడానికైనా బాగుండేది. ఆ పత్రిక వార్షిక సంచికలో మొదటి కథగా వేస్తామన్నారు, పేజీ నిండా బొమ్మతో. ముగింపు మార్చమని సంపాదకుడు అనలేదు. అసలు ఏమీ అనలేదు. అంటాడేమోనని నేనే ముందుగా ఆలోచించి పెట్టాను. ఆ ముందాలోచన ఇప్పటిదాకా నన్ను వదల్లేదు. ఫోన్ల మీద, ఆవలింతల మీద, కూరగాయల మీద వారం వారం రాయించింది అదే.

కన్నీళ్లు వానలో కలిసిపోయాయనే ఆలోచన ఏ గుమాస్తాకూ రాదు. కథ వేస్తారో తిప్పి పంపుతారో అని బెంగపెట్టుకున్న రచయిత్రికే వస్తుంది. దాన్ని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకున్నాక కాదనడానికి మనసెవరికొస్తుంది?

బతికున్నన్నాళ్లూ ఆయన, నలుగురిలో నేను చెప్పే ఆ త్యాగం కథ వింటూ కూర్చున్నారు. "నేనలా అనలేదే" అని ఒక్కసారి కూడా అనలేదు. అందరూ వెళ్లాక కూడా.

జూలై 23

మోకాలు బాగానే ఉంది. పొద్దున పదింటికి రమ్మని బండికి చెప్పాను.

జూలై 24, గురువారం

విద్యాశాఖ ఆఫీసు మూడో అంతస్తులో. లిఫ్టుకి 'మరమ్మతు త్వరలో' అని బోర్డు తగిలించారు, ఆ బోర్డే తుప్పు పట్టింది. ఘాటుగా మాట్లాడదామని కూడబలుక్కున్నవన్నీ రెండో అంతస్తుకే ఆయాసంలో కొట్టుకుపోయాయి. మా ఆడపడుచు వెనకే ఎక్కింది. రమ్మని నేననలేదు. బండి వచ్చేసరికి సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

విచారణాధికారి నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "అయ్యో, మీరెందుకు శ్రమపడ్డారు మేడమ్? మీ లేఖే సరిపోయింది కదా. మా ఆవిడ మీ కాలమ్ ఒక్కవారం కూడా వదలదండీ. ఎవర్నీ నొప్పించకుండా రాస్తారని."

టీచరమ్మ బల్లకు ఆ చివర కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వలేదు, మొహమూ తిప్పుకోలేదు.

"ఆ లేఖ గురించే వచ్చాను. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాను.

"అంటే, అందులో తప్పు రాశారా?"

"తప్పయితే దిద్దొచ్చు. పిరికిగా రాశాను."

పక్కన కూర్చుని వాంగ్మూలం రాసుకుంటున్న గుమాస్తా కలం ఆపి, ఆ మాట రాయాలా అన్నట్టు ఆయన వైపు చూశాడు. ఆయన వద్దని తలూపాడు.

"రాయండి" అన్నాను. "రచయిత్రి ఉద్దేశం ఏమిటని అడిగింది మీరే కదా? చెప్తాను. ఒక పెద్దమనిషి కోసం చిన్న మనుషుల్ని వానలో నిలబెట్టడం సిగ్గులేనితనం. అదీ ఉద్దేశం. టీచరమ్మ క్లాసులో చెప్పింది అదే. ఆవిడ నా కథకు ఏదీ అంటగట్టలేదు. ఇంకా తగ్గించే చెప్పింది."

"ఆ పెద్దమనిషి మన మంత్రిగారే అంటారా?"

"గుమ్మడికాయల దొంగ అని నేను ముప్ఫై ఎనిమిదేళ్ల కింద అన్నాను. ఇవాళ భుజాలు ఎవరు తడుముకున్నారో మీ ఫైల్లో మీరే రాసుకున్నారు."

గుమాస్తాకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది.

అధికారి గొంతు తగ్గించాడు. "మీరు పెద్దవారు. ఈ వయసులో ఇవన్నీ మీకెందుకు చెప్పండి? పైగా మీ పేరు పురస్కారానికి వెళ్లిందని..."

"మీకూ తెలుసా? అయితే ఊళ్లో అందరికంటే ఆఖర్న తెలిసింది నాకేనన్నమాట. ఇంకోటి కూడా రాయించండి. మొదట నేను రాసిన కథలో ఆ గుమాస్తా గొడుగు తెరిచాడు. అచ్చులో మూయించింది నేను. ఆ పిల్ల రాసిన రెండు ముక్కలే అసలు కథ. ఆ పిల్ల మనసు కలుషితమైందంటే, నాది ఆ పిల్ల పుట్టకముందే అయింది."

"దీనికి ఆధారం ఉందా? చేతిరాత ప్రతి లాంటిది?"

"లేదు."

తలుపు దగ్గర బెంచీ మీంచి మా ఆడపడుచు లేచింది. టీవీని మించిన గొంతుతో, "కాపీ రాసింది నేనేనండీ!" అంది.

"మీరెవరమ్మా?"

"ఆడపడుచుని."

"విచారణలో ఆడపడుచు సాక్ష్యం చెల్లదమ్మా."

"ఎక్కడా చెల్లదులెండి. అయినా చెప్తాను."

చెప్పింది. మొదటి చివరి పేజీ, రెండో చివరి పేజీ, మధ్యలో గడిచిన రెండు రోజులు. భోజనాల దగ్గర వాళ్ల అన్నయ్య అన్న మాట, దానికి నేనన్న మాట. అన్నీ, అందరి ముందూ. నేను తల వంచుకుని విన్నాను. గుమాస్తా మొత్తం రాసుకున్నాడు. ఎవరూ ఆపమనలేదు.

దిగేటప్పుడు టీచరమ్మ నా వెనకే వచ్చింది. "మెల్లగా దిగండి, ఇక్కడ మెట్టు విరిగుంది" అని నా మోచెయ్యి పట్టుకుంది. అంతే అంది.

జూలై 27, ఆదివారం

నా కాలమ్ ఉండాల్సిన చోట పరుపుల ప్రకటన. 'ఇక హాయిగా నిద్రపోండి.'

కత్తెర ఫోన్ చేశాడు. "పేజీ డిజైన్ మారుస్తున్నారు మేడమ్. తాత్కాలికమే."

"మా వార్డు మురుగుకాలువ పనుల్లాగానా?"

నవ్వలేదు. తర్వాత, "విచారణలో మీరన్నవి నాకు తెలిశాయి మేడమ్. అవి వేసే పేజీ నా దగ్గర లేదు" అన్నాడు. పదేళ్లలో అతను నాతో కత్తిరించకుండా చెప్పిన మాట ఇదొక్కటే.

జూలై 30

కాలమ్ లేని వారం ఎలా ఉంటుందని భయపడ్డానో అలాగే ఉంది. పాలు పోసే ఆవిడ అడిగింది, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా, పేపర్లో రాలేదు?" పదిహేడేళ్లుగా ఆవిడ చదువుతోందని నాకు తెలియదు. "బాగానే ఉన్నాను" అంటే, "మరి కోపం వస్తే రాసుకోడానికి ఎట్లా?" అంది. పోయిన పదేళ్లలో నాకెప్పుడు కోపం వచ్చింది?

ఆగస్టు 5

పురస్కారం ప్రకటించారు. వెన్నెల మీద పద్నాలుగు పుస్తకాలు రాసిన ఆయనకిచ్చారు. వెన్నెల ఏ పార్టీదీ కాదు.

మా ఆడపడుచు టీవీ కట్టేసింది, నాకోసం. నేనే మళ్లీ పెట్టాను. ఆయన చేతిలో పెట్టిన జ్ఞాపిక బరువుగానే కనిపించింది. పురస్కారాలు నాకు అక్కర్లేదని ఇవాళ రాద్దామనుకున్నాను. కావాలి. వచ్చుంటే బాగుండేది.

ఆగస్టు 12

టీచరమ్మ ఫోన్. సస్పెన్షన్ ఎత్తేశారు. 'తీవ్ర హెచ్చరిక'తో ఉద్యోగంలోకి తీసుకుని, రెండు బస్సులు మారితే గానీ చేరలేని బడికి బదిలీ చేశారు. రోజూ పోనూ రానూ నాలుగు గంటలు.

"నేను రాసిన ఆ లేఖ వల్ల..." అని మొదలుపెట్టాను.

"అవునండీ, దానివల్లే ఇంత దూరం వెళ్లింది. మీరొచ్చి చెప్పడం వల్ల ఉద్యోగం ఉంది. రెండూ నిజమే."

ఫర్వాలేదు అంటుందేమోనని ఎదురుచూశాను. అనలేదు.

"ఒకసారి మా కొత్త బడికి వస్తారా?" అంది. "పిల్లలు మిమ్మల్ని అడుగుతున్నారు."

"వాళ్లకి నేనెలా తెలుసు?"

"మీ కథ చదివాను కదండీ."

"మళ్లీనా?"

"బాగున్న కథ చదవకుండా ఎలా ఉంటానండీ? ఈసారి ముగింపు కూడా చదివాను. రెండు ముగింపులూ."

ఆగస్టు 22, శుక్రవారం

రెండు బస్సులు. రెండో దాంట్లో సీటు దొరకలేదు. మా ఆడపడుచు ఓ కుర్రాణ్ణి లేపి నన్ను కూర్చోబెట్టింది. "వాడు ఫోన్ చూసుకుంటున్నాడు, పాపం లేపకుండా ఉండాల్సింది" అంటే, "వాళ్ల మీద అంత రాశావు, ఒక సీటైనా రాకపోతే ఎలా" అంది.

బడికి ప్రహరీ ఒక పక్కే ఉంది. రెండు గదులకు కలిపి ఒకే తలుపు. తొమ్మిదో తరగతిలో ముప్ఫై ఒక్క మంది. నా కోసం కుర్చీ తుడిచిపెట్టారు. నేను రాసుకెళ్లిన ప్రసంగం, 'సాహిత్యం, సమాజం', సంచీలోంచి తియ్యలేదు. టీచరమ్మ వెనక గోడకు ఆనుకుని నిలబడింది. "ఏమడగాలనుకున్నారో అడగండి" అని పిల్లలతో అంది.

రెండో బల్లలోంచి ఓ పిల్ల లేచింది. బక్కపల్చటి పిల్ల, రెండు జడలు, ఒకదాని రిబ్బను ఊడిపోయి ఉంది.

"మొదట రాసిందే బాగుంది కదండీ. ఎందుకు మార్చారు?"

ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబులున్నాయి. శిల్పం, సంయమనం, ఆర్ద్రత, ఆయన ఉద్యోగం. ఏదో ఒకటి దానంతటదే నోటికొస్తుందని ఒక్క నిమిషం ఆగాను.

"భయమేసింది" అన్నాను.

"ఎవరు భయపెట్టారండీ?"

"ఎవరూ ఏమీ అనలేదు. అనకముందే వేసింది."

పిల్లలు నవ్వుతారనుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు. ఆ పిల్ల మాత్రం, తనకు బాగా తెలిసిన వీధి పేరు విన్నట్టు తలూపి కూర్చుంది.

వెనక నుంచి టీచరమ్మ, "రాసుకోండి" అంది.

"పరీక్షకొస్తుందా టీచర్?" అని ఎవరో అడిగారు.

"రాదు. రాసుకోండి."

ముప్ఫై ఒక్క తలలు వంగాయి. కాసేపు పెన్నుల చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను వెనక్కి తిరిగి బోర్డు చదువుతున్నట్టు నిలబడ్డాను. బోర్డు మీద ఏమీ లేదు.